వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్ల చేతిలోంచి ఎలా జారిపోయింది?

మీరు అడిగింది ఇది: వెస్ట్ వర్జీనియా ఒకప్పుడు డెమోక్రాట్ల కంచుకోట, ఇప్పుడు అక్కడ ట్రంప్‌కి 70 శాతం ఓట్లు. ఒబామా బొగ్గు గనులు మూయించాడన్న కోపమా, లేక మన దగ్గరలా నాయకులు కండువాలు మార్చేస్తే ఓట్లు కూడా వాళ్ల వెంట వెళ్లిపోయాయా? మళ్లీ వెనక్కి తిరిగే అవకాశం ఉందా?

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఊహలు రెండూ నిలబడవు. ఈ రాష్ట్రం అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ల వైపు వెళ్లింది 2000లో. అప్పటికి ఒబామా పేరు షికాగో దాటి ఎవరికీ తెలియదు. పేరున్న నాయకులు పార్టీ మారడం ఊపందుకున్నది 2013 తర్వాత. అంటే జనం వెళ్లిన పదమూడేళ్లకు నాయకులు కదిలారు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఓటరు జాబితాలో రిపబ్లికన్ల సంఖ్య డెమోక్రాట్లను దాటింది 2021లో. ఓటు 2000లో మారింది, పేరు పక్కన రాసుకున్న పార్టీ మారడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఈ ఆలస్యం ఎందుకో అర్థమైతే మిగతాది తేలిక.

నేను రాజకీయ శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు, ఊపిరితిత్తుల డాక్టర్ని. జె-1 వీసా మీద ట్రైనింగ్ చేసినవాళ్లు వెనక్కి వెళ్లకుండా ఇక్కడే ఉండాలంటే, డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పని చేయాలి. వెయివర్ అంటారు. ఆ దారిన ఈ కొండల్లోకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన భారతీయ డాక్టర్లు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. నా పేషెంట్లలో ఎక్కువమంది బ్లాక్ లంగ్ (బొగ్గు ధూళి పీల్చి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చిన పాత గని కార్మికులు. రాజకీయాలు నేను అడగను. గొట్టంలో ఊదే పరీక్ష అయ్యాక, ఆయాసం తగ్గాక, వాళ్లే మొదలుపెడతారు.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి. మన ఓటరు జాబితాలో పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో వాటితో పాటు మీరు ఏ పార్టీయో కూడా రాసి ఉంటుంది. దానికి సభ్యత్వ రుసుము లేదు, పార్టీ ఆఫీసుకు వెళ్లే పనీ లేదు. ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, మీకు ఏ పార్టీ బ్యాలెట్ ఇవ్వాలో తెలియడానికి అది. నవంబర్లో జరిగే అసలు ఎన్నికలో ఎవరికైనా వేసుకోవచ్చు. దక్షిణ కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి), అంటే లోగన్, మింగో, మెక్‌డవెల్ వైపు, షెరీఫ్ నుంచి కౌంటీ కమిషనర్ దాకా అందరూ డెమోక్రాటిక్ ప్రైమరీలోనే తేలిపోయేవారు. నవంబర్లో ఎదురుగా రిపబ్లికన్ నిలబడితే గొప్ప. మీ రోడ్డు బాగుపడాలన్నా, మీ అబ్బాయికి స్కూల్ బస్సు నడిపే ఉద్యోగం కావాలన్నా ఆ ప్రైమరీలో ఓటు ఉండాల్సిందే. మనసు ఎప్పుడో అటు వెళ్లిపోయినా కాగితం మీద డెమోక్రాట్‌గానే ఉండిపోయింది ఇందుకే.

ఇది తెలియకపోతే కొన్ని ఫలితాలు పిచ్చిగా కనిపిస్తాయి. 2012 డెమోక్రాటిక్ ప్రైమరీలో పదవిలో ఉన్న అధ్యక్షుడు ఒబామా మీద కీత్ జడ్ అనే ఆయన పోటీ చేశాడు. ఆయన అప్పుడు టెక్సాస్‌లో ఫెడరల్ జైల్లో ఖైదీ. ఆయనకు 41 శాతం ఓట్లు వచ్చాయి. 2016 ప్రైమరీలో సోషలిస్టునని చెప్పుకునే బెర్నీ శాండర్స్ మొత్తం 55 కౌంటీలూ గెలిచాడు. ఆ నవంబర్లోనే ట్రంప్‌కి 68 శాతం దాకా వచ్చాయి. ‘శాండర్స్ నిలబడి ఉంటే ఈ రాష్ట్రం గెలిచేవాడు’ అని ఇప్పటికీ కొందరు వాదిస్తారు. నాకు నమ్మకం లేదు. ఆ ప్రైమరీలో ఓటేసినవాళ్లలో చాలామంది నవంబర్లో ఎలాగూ ట్రంప్‌కే వేయాలనుకున్నవాళ్లు. చేతిలో ఉన్న డెమోక్రాటిక్ బ్యాలెట్‌తో హిల్లరీకి వ్యతిరేకంగా గుద్దారు, అంతే.

ఇక అసలు విధేయత ఎక్కడిది? ఈ రాష్ట్రం పుట్టిందే 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, వర్జీనియా నుంచి విడిపోయి, లింకన్ పార్టీ, అంటే రిపబ్లికన్ల చేతుల మీదుగా. 1896 నుంచి 1928 దాకా ఒక్క 1912లో తప్ప ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఇది రిపబ్లికన్లకే వెళ్లింది. కంచుకోట అంటున్నారే, అది మొదట అవతలి వాళ్లది.

దాన్ని తిప్పింది మహామాంద్యం, రూజ్‌వెల్ట్, గని కార్మికుల యూనియన్. అంతకు ముందు యూనియన్ పెట్టుకుంటే కంపెనీ గూండాలు ఇంట్లోంచి సామాన్లు బయట పడేసేవారు, ఇల్లు కూడా కంపెనీదే కాబట్టి. 1920లో మేట్‌వాన్ ఊళ్లో కాల్పులు జరిగాయి. 1921లో బ్లెయిర్ కొండ మీద వేలమంది కార్మికులు తుపాకులు పట్టి నిలబడ్డారు, చివరికి కేంద్ర సైన్యం దిగింది. 1933లో రూజ్‌వెల్ట్ చట్టం యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చాక, యునైటెడ్ మైన్ వర్కర్స్ ఈ లోయలన్నిటినీ కొద్ది నెలల్లో చుట్టేసింది. 1946 ఒప్పందంతో తవ్విన ప్రతి టన్నుకీ 5 సెంట్లు యూనియన్ సంక్షేమ నిధికి రావడం మొదలైంది. ఆ డబ్బుతో 1956లో మూడు రాష్ట్రాల్లో పది ఆసుపత్రులు తెరిచారు. ప్రభుత్వం చేయని పని యూనియన్ చేసింది. పెన్షన్ యూనియన్ది, ఆసుపత్రి కార్డు యూనియన్ది, ఎవరికి ఓటేయాలో చెప్పేదీ యూనియనే. పార్టీ మీద ప్రేమ అనుకుంటున్నది చాలావరకు ఈ యూనియన్ మీద ప్రేమ. ఓటరుకీ పార్టీకీ మధ్య అది నిలబడి ఉండేది.

దానికి తోడు కౌంటీ స్థాయి ముఠాలు. ఎన్నికల రోజు చేతిలో ఒక చీటీ పెట్టేవారు, దాన్ని ‘స్లేట్’ అంటారు. పై నుంచి కింది దాకా ఎవరెవరికి వేయాలో అందులో ఉంటుంది. చీటీతో పాటు చిన్న విస్కీ సీసా, కొన్ని డాలర్లు కూడా. ఓటుకు నోటు మన సొత్తేం కాదు. 1960 ప్రైమరీలో కెనెడీ ఇక్కడ సొంత పార్టీ ప్రత్యర్థి హంఫ్రీని 61-39 తేడాతో ఓడించాడు. కేథలిక్ అయినా ప్రొటెస్టెంట్ రాష్ట్రంలో గెలవగలడని అప్పుడే రుజువైంది. ఆ గెలుపులో ఆయన ఆకర్షణ ఎంతో, దక్షిణ కౌంటీల్లో స్లేట్ల మీద పేరెక్కడానికి ఖర్చయిన డబ్బు కూడా అంతే అని ఇక్కడి పాతవాళ్లు ఏ మొహమాటమూ లేకుండా చెబుతారు.

ఆ రోజుల బలం ఎంతంటే, 1932 నుంచి 1996 దాకా ఈ రాష్ట్రం రిపబ్లికన్లకు వెళ్లింది మూడుసార్లే: 1956, 1972, 1984. ఆ మూడూ పదవిలో ఉన్న అధ్యక్షుడు దేశమంతా ఊడ్చేసిన ఏళ్లు. 1980లో రేగన్ గాలిలో కూడా డెమోక్రాట్ కార్టర్‌కి దక్కిన ఆరు రాష్ట్రాల్లో ఇదొకటి. 1988లో డెమోక్రాట్ డుకాకిస్‌కీ ఇచ్చింది.

కానీ మధ్యలో ఉన్న ఆ యూనియన్ అప్పటికే కరిగిపోతోంది. 1940ల చివర్లో ఇక్కడ గనుల్లో లక్షా ఇరవై వేలమందికి పైగా పని చేసేవారు. 1950లో యూనియన్ నాయకుడు జాన్ లూయిస్ యజమానులతో ఒక ఒప్పందం చేసుకున్నాడు: మీరు యంత్రాలు తెచ్చుకోండి, మేం అడ్డం రాం, మా పెన్షన్, వైద్యం మాకు రావాలి. ఉన్నవాళ్లకు మేలు జరిగింది, తర్వాతి తరానికి ఉద్యోగాలే లేవు. తర్వాత కొండ శిఖరాల్నే పేల్చి బొగ్గు తీసే పద్ధతి వచ్చింది, దానికి ఇంకా తక్కువమంది చాలు. 2000 నాటికే పనివాళ్లు 20 వేలలోపు. ఈ పతనంలో పెద్ద వాటా పర్యావరణ నిబంధనలది కాదు, యంత్రాలది. సింగరేణి ఊళ్లు చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మెక్‌డవెల్ కౌంటీలో 1950లో దాదాపు 99 వేలమంది ఉండేవారు. 2020 లెక్కల్లో 19 వేలు.

యూనియన్ పోయాక ఓటరు తన పార్టీని టీవీలో నేరుగా చూశాడు. అక్కడ కనిపించింది తుపాకుల నియంత్రణ, అబార్షన్, వాతావరణ ఒప్పందాలు. ఇక్కడి డెమోక్రాట్లు వేతనాల విషయంలో వామపక్షం, మిగతా అన్నింటిలో చర్చి పక్షం. కొత్తదేం కాదది. 1974లోనే కనావా కౌంటీలో పాఠ్యపుస్తకాలు మతానికి వ్యతిరేకంగా ఉన్నాయని పెద్ద గొడవ అయింది. స్కూళ్ల మీద బాంబులు పడ్డాయి, గని కార్మికులు మద్దతుగా పని ఆపేశారు. అదే కార్మికులు ఆ రోజుల్లో కళ్లు మూసుకుని డెమోక్రాట్లకు వేసేవారు. యూనియన్ ఉన్నంతకాలం రెండూ ఒకే మనిషిలో సర్దుకున్నాయి.

2000కి వద్దాం. 1996లో క్లింటన్ ఇక్కడ దాదాపు 15 పాయింట్ల తేడాతో గెలిచాడు. నాలుగేళ్లకు బుష్ ఆరు పాయింట్లతో గెలిచాడు. పదవిలో లేని రిపబ్లికన్ ఒకరు ఈ రాష్ట్రం గెలవడం 1928 తర్వాత అదే మొదటిసారి. డెమోక్రాట్ అభ్యర్థి గోర్ అంటే పర్యావరణం, ఉద్గారాలు తగ్గించే క్యోటో ఒప్పందం. ఉత్తరాన వియర్టన్‌లో ఉక్కు కార్మికులకు విదేశీ ఉక్కు దిగుమతుల మీద కోపం. వేటాడే కుటుంబాలకు తుపాకుల భయం. ఇదంతా కదులుతున్నా, ఇది ఎలాగూ మనదే అన్న ధీమా డెమోక్రాట్లను ముంచింది. ఆ ఎన్నికను తేల్చిన ఫ్లోరిడా రీకౌంటింగ్ మీద అన్ని పుస్తకాలు వచ్చాయి గానీ, ఇక్కడి 5 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలవారీ ఈ ఓట్లే) గోర్‌కి వచ్చి ఉంటే ఫ్లోరిడాతో పనే ఉండేది కాదు.

ఇప్పుడు అసలు గమ్మత్తు. అదే రోజు అదే బ్యాలెట్ మీద డెమోక్రాట్ సెనేటర్ రాబర్ట్ బర్డ్ 78 శాతంతో గెలిచాడు. గవర్నర్ పదవిలో ఉన్న రిపబ్లికన్‌ని ఓడించి డెమోక్రాట్ బాబ్ వైజ్ గెలిచాడు. పైన ఒక పార్టీ, కింద ఇంకో పార్టీ. ఈ పద్ధతి పుష్కరం పైగా నడిచింది. 2012లో ఒబామా 55కి 55 కౌంటీలు ఓడిపోయాడు, ఆ రోజే డెమోక్రాట్ జో మాంచిన్‌కి సెనేట్ ఎన్నికలో 60 శాతం వచ్చాయి, గవర్నర్ కూడా డెమోక్రాటే. దీన్ని అవకాశవాదం అనకండి. వాళ్ల దృష్టిలో వాషింగ్టన్ డెమోక్రాట్లు, మన డెమోక్రాట్లు రెండు వేర్వేరు పార్టీలు. 2010 ఎన్నికలో మాంచిన్ తన సొంత పార్టీ ఉద్గారాల బిల్లు కాగితాన్ని తుపాకీతో కాల్చే ప్రకటన తీసింది ఈ తేడా చూపించడానికే.

ఆ తేడాను నిలబెట్టిన మనిషి బర్డ్. 1959 నుంచి 2010 జూన్‌లో చనిపోయేదాకా సెనేట్‌లో ఉన్నాడు. యవ్వనంలో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార సంస్థలో చేరి, తర్వాత జీవితమంతా దానికి సంజాయిషీ చెప్పుకున్న మనిషి. రోడ్లు, భవనాలు, క్లార్క్స్‌బర్గ్‌లో ఎఫ్‌బీఐ వేలిముద్రల కేంద్రం, ఇలా వాషింగ్టన్ డబ్బు ఈ కొండల్లోకి తెచ్చాడు. ఆయన పోయిన మరుసటి ఏడాదే, 2011లో, సభ్యులు తమ ప్రాంతాలకు నిధులు రాయించుకునే ‘ఇయర్‌మార్క్’ పద్ధతిని కాంగ్రెస్ ఆపేసింది. దీన్ని విశ్లేషకులు పెద్దగా పట్టించుకోరు. నా లెక్కలో ఇది పెద్ద దెబ్బ. ఊరికి వంతెన తెచ్చే శక్తి పోయాక స్థానిక డెమోక్రాట్‌కి, టీవీలో కనిపించే డెమోక్రాట్‌కి తేడా ఏం మిగిలింది?

ఒబామా విషయం అన్యాయంగా తేల్చేయకూడదు కాబట్టి చెబుతున్నాను. లోగన్ కౌంటీలో స్ప్రూస్ గనికి అప్పటికే ఇచ్చిన అనుమతిని 2011లో ఆయన పర్యావరణ సంస్థ రద్దు చేసింది. జనం మీద దాని ప్రభావం నిజం. బొగ్గు కంపెనీల సంఘం 2002లోనే ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోల్’ ప్రచారం మొదలుపెట్టి, కారు నంబర్ ప్లేట్ల నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల దాకా ఆ పేరు ఎక్కించింది. ఒకప్పుడు బొగ్గు అంటే కార్మికుడు, ఇప్పుడు బొగ్గు అంటే కంపెనీ. అసలు బొగ్గు ధరను చంపింది చవకైన సహజవాయువు, కానీ గ్యాస్ మీద ఎవరికీ కోపం రాదు, అదీ ఇక్కడే దొరుకుతుంది మరి. ఒబామా రంగు పని చేయలేదని కూడా నేను అనను. 90 శాతానికి పైగా తెల్లవాళ్లున్న రాష్ట్రంలో నేను వినకూడని మాటలు నా ముందే అన్నవాళ్లున్నారు. కానీ మెక్‌డవెల్ కౌంటీ 2008లో ఒబామాకే వేసింది. 2012లో వదిలేసింది. రంగు ఒక్కటే కారణమైతే ఈ తేదీలు ఇలా ఉండవు.

నా గదిలో రోజూ చూసేది ఇంకోటి. ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టంలో బర్డ్ పెట్టించిన సవరణ ఒకటుంది. భూగర్భ గనిలో పదిహేనేళ్లు పని చేసి, పని చేయలేనంత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాడికి అది బొగ్గు ధూళి వల్లే వచ్చిందని ముందే ఒప్పుకోవాలి. కాదని రుజువు చేసే బాధ్యత కంపెనీది. అంతకు ముందు దాదాపు ముప్పై ఏళ్లపాటు కొత్త కేసులకు ఈ వెసులుబాటు లేదు. నా పేషెంట్లలో ఎందరికో నెలనెలా డబ్బు వస్తున్నది దీని వల్లే. అది ఒబామాకేర్‌లో ఉందని నేను ఒకటి రెండుసార్లు అన్నాను. ‘అది బర్డ్ పెట్టింది డాక్టర్, ఒబామా కాదు’ అన్నారు. నిజానికి వాళ్ల మాటా తప్పు కాదు.

ఇక కండువాల సంగతి. 2013లో డెమోక్రాట్ రాష్ట్ర సెనేటర్ ఎవాన్ జెంకిన్స్ రిపబ్లికన్లలో చేరి, మరుసటి ఏడాది 38 ఏళ్లుగా కాంగ్రెస్‌లో ఉన్న నిక్ రహాల్‌ని ఓడించాడు. అదే 2014లో ఎనభై ఏళ్ల తర్వాత రాష్ట్ర దిగువ సభ రిపబ్లికన్ల చేతికి వచ్చింది. ఎగువ సభలో 17-17 సమానం అయింది. మర్నాడే ఒక డెమోక్రాట్ సభ్యుడు పార్టీ మారి అది 18-16 చేశాడు. చదివితే హైదరాబాద్ వార్తలా ఉంటుంది, అయితే ఇక్కడ ఫిరాయింపుల చట్టం లేదు, స్పీకర్ దగ్గర పిటిషన్లూ లేవు. అందరికంటే గొప్ప ఘట్టం జిమ్ జస్టిస్‌ది. బొగ్గు గనుల యజమాని, రిపబ్లికన్. 2015లో డెమోక్రాట్‌గా నమోదై, 2016లో ట్రంప్ ఊడ్చేసిన రోజే డెమోక్రాట్ గవర్నర్‌గా గెలిచాడు. 2017 ఆగస్టులో హంటింగ్టన్‌లో ట్రంప్ సభ వేదిక మీదే మళ్లీ రిపబ్లికన్ అయ్యాడు. 2020లో తేలిగ్గా గెలిచాడు, 2024లో సెనేట్‌కి వెళ్లాడు. ఆయన జనాన్ని ఎటూ తీసుకెళ్లలేదు. గాలి ఎటుందో చూసి తలుపు తీశాడు.

మాంచిన్ అలా చేయలేదు. 2018లో మూడు పాయింట్ల తేడాతో బయటపడ్డాడు. కార్మికుల పెన్షన్ నిధి దివాలా తీయకుండా 2019లో చట్టం తేవడంలో ఆయన పట్టు పట్టాడు, రిపబ్లికన్ సెనేటర్ కాపిటో కూడా కలిసొచ్చింది, సంతకం ట్రంప్ పెట్టాడు. నా పేషెంట్లు ముగ్గురికీ తలో వాటా ఇచ్చేశారు. 2023 నవంబర్లో ఆయన మళ్లీ సెనేట్‌కి పోటీ చేయనని ప్రకటించాడు, 2024లో డెమోక్రాటిక్ పార్టీ వదిలి ఇండిపెండెంట్ అయ్యాడు. 2024 ఎన్నికల్లో రాష్ట్ర దిగువ సభలో 100కి 91, ఎగువ సభలో 34కి 32 రిపబ్లికన్లవే అయ్యాయి.

చివరి ప్రశ్న, మళ్లీ తిరుగుతుందా? 2018లో చాలామంది అవునన్నారు. ఫిబ్రవరిలో 55 కౌంటీల టీచర్లు ఒకేసారి సమ్మె చేశారు, బ్లెయిర్ కొండ గుర్తుగా మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని. 5 శాతం జీతం పెంపు సాధించారు. దేశమంతా చూసింది. రిచర్డ్ ఒజెడా అనే మాజీ సైనికుడు, 2016లో ట్రంప్‌కి వేసిన డెమోక్రాట్, ఆ ఊపులో కాంగ్రెస్‌కి పోటీ చేసి ఓట్లు బాగా పెంచుకున్నాడు. అయినా పన్నెండు పాయింట్లకు పైగా తేడాతో ఓడిపోయాడు. 2020లో డెమోక్రాట్లు ఇంకా కిందకు పోయారు. సమ్మెకు దిగడం వేరు, పార్టీకి తిరిగి రావడం వేరని అప్పుడు తేలింది. పక్కనే వర్జీనియా ఇదే కాలంలో ఎదురు దిశలో వెళ్లింది. 2008 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమోక్రాట్లదే. మన తెలుగువాళ్లు గుంపుగా స్థిరపడ్డ లౌడన్ లాంటి కౌంటీలకు కొత్తవాళ్లు రావడం అందులో పెద్ద భాగం. ఇక్కడికి అలా వచ్చేవాళ్లు లేరు, వెళ్లేవాళ్లే ఉన్నారు. తూర్పు మూలన బర్క్‌లీ లాంటి కొన్ని కౌంటీలు పెరుగుతున్నాయి గానీ, అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా రిపబ్లికన్లే.

కాబట్టి దగ్గర్లో పార్టీ మారుతుందని నేను అనుకోను. అసలు పోటీ ఇప్పుడు రిపబ్లికన్ ప్రైమరీలోకి వెళ్లిపోయింది, ఒకప్పుడు డెమోక్రాటిక్ ప్రైమరీలో ఉన్నట్టే. 2024 మేలో రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడు క్రెయిగ్ బ్లెయిర్ అక్కడే ఓడిపోయాడు. ఏ పార్టీ లేదని రాయించుకునేవాళ్లు ఇప్పుడు జాబితాలో దాదాపు నాలుగో వంతు. 2024 దాకా వాళ్లను రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేయనిచ్చారు. 2026 నుంచి తలుపు మూసేయాలని 2024 జనవరిలో ఆ పార్టీ నిర్ణయించింది. దాని వల్ల వాళ్లు రిపబ్లికన్లుగా నమోదవుతారా, బయటే ఉండిపోతారా అన్నది నేను గమనిస్తున్న విషయం. మీరూ చూడాలనుకుంటే రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ లెక్కలు కౌంటీల వారీగా దొరుకుతాయి. మొత్తం రాష్ట్రం అంకె వదిలేసి లోగన్, మింగో, మెక్‌డవెల్ వరసలు చూడండి.